చేని దగ్గరా, ఊళ్లోనా, మండల కేంద్రంలోనా: సీమ పల్లెల్లో కాపురానికి చోటు ఎంచుకునే తీరు

పల్లెలో స్థిరపడాలనుకునేవాళ్లు సాధారణంగా "ఏ ఊళ్లో?" అన్న దగ్గర మొదలుపెడతారు. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకోటి ఉంది. ఊరి నడుమ నలుగురి మధ్య ఉండటమా, ఊరు దాటి చేని దగ్గర ఇల్లు కట్టుకోవడమా, బస్సులూ ఆస్పత్రీ ఉన్న మండల కేంద్రంలో కాపురం పెట్టి పొలానికి వచ్చిపోవడమా? అనంతపురం, కర్నూలు, కడప వైపు ఒకే మండలంలో ఈ మూడు చోట్ల బతుకు మూడు రకాలు. నీళ్లు వేరు, కరెంటు వేరు, రాత్రి వేరు, పక్కవాళ్లతో ఉండే సంబంధం కూడా వేరు.

మా అభిప్రాయం ముందే చెప్తాం. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఊళ్లో ఇల్లు, పగలు చేను అనే ఏర్పాటే నిలుస్తుంది. చేని దగ్గర, తోటలో ఇల్లు ఇచ్చే సుఖం నిజమైనది, దాన్ని తక్కువ చేయం. అయితే నీళ్లు, కరెంటు, దారి మూడింటికీ సొంత ఏర్పాటు ఉన్నప్పుడే అది సుఖంగా మిగులుతుంది. బడికి పోయే పిల్లలు గానీ, తరచూ ఆస్పత్రికి పోవాల్సిన పెద్దలు గానీ ఉన్న ఇంటికి మండల కేంద్రమే తగినది.

దారి: కిలోమీటర్లు కాదు, గంటలు

44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోతుంది. 40వ నంబరు కర్నూలు నుంచి నంద్యాల, కడప, రాయచోటి మీదుగా చిత్తూరు వైపు సాగుతుంది. ఈ రోడ్ల నుంచి 20 కిలోమీటర్లు లోపలున్నా మంచి తారు రోడ్డున్న ఊరు దగ్గరి ఊరే. 6 కిలోమీటర్ల దూరమే అయినా మధ్యలో వంక (వాగు) అడ్డుపడే ఊరు దూరపు ఊరే. కాబట్టి మూడు ప్రయాణాలకు పట్టే సమయం విడివిడిగా లెక్క వేయండి: పగలు సొంత బండి మీద, బస్సు మీద, వాన రాత్రి కారులో. మూడోదే అసలు దూరం.

బస్సు గురించి అడిగేటప్పుడు "బస్సు వస్తుందా?" అనకండి, అందరూ వస్తుందనే అంటారు. రాత్రి ఊళ్లోనే ఆగి పొద్దున్నే బయల్దేరే పల్లెవెలుగు ఉందా, ఆఖరి బస్సు ఎన్నింటికి, బడి సెలవుల్లో కూడా నడుస్తుందా అని అడగండి. చాలా ఊళ్లకు బస్సు బడి పిల్లల కోసమే తిరుగుతుంది, ఎండాకాలం సెలవుల్లో ట్రిప్పులు తగ్గుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు ప్రయాణం ఉచితం అయింది. బస్సున్న ఊరికీ ఆటో మీదే ఆధారపడిన ఊరికీ తేడా ఇప్పుడు ఇంటి ఖర్చులోనే తెలుస్తుంది.

కరువు సీమ కదా, వరద మాటెందుకు అనుకోవద్దు. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు నగరమే మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏళ్ల తరబడి ఎండిపోయి కనిపించే వంక ఒక్క రాత్రిలో దారి మూసేస్తుంది. చేని దగ్గర ఇల్లు కట్టేవాళ్లు వంక గట్టుకు కనీసం ఒక పొలం ఎడంగా, ఎత్తున కట్టాలి. పాత నీటి గుర్తు ఎక్కడిదాకా వచ్చిందో గొర్రెల కాపరులను అడిగితే సరిగ్గా చూపిస్తారు. ఇసుకా గులకరాళ్లూ పరుచుకున్న పొలం చౌకగా వస్తోందంటే, ఆ ఇసుక అక్కడికి నీటితోనే వచ్చిందని గుర్తుంచుకోండి.

నీళ్లు: మే నెలలో చూడాల్సిన సంగతి

అనంతపురానికి ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. భూమి కింద ఎక్కువ చోట్ల గట్టి రాయి. నీళ్లుండేది పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. అందుకే ఒక బోరులో రెండంగుళాల నీళ్లు పడితే యాభై అడుగుల దూరంలో వేసిన బోరు ఉత్తదే అవుతుంది. 300 అడుగులకు దొరికే చోట్లున్నాయి, 800 అడుగులు దాటినా దుమ్ము తప్ప రాని చోట్లూ ఉన్నాయి. కొబ్బరికాయ తిప్పి నీళ్ల జాడ చెప్పేవాళ్ల మీద కంటే చుట్టూ ఉన్న పది బోర్ల లోతు, అవి ఎండిపోయిన సంవత్సరాల మీద నమ్మకం పెట్టుకోవడం మేలు. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పక్క బోరుకు మరీ దగ్గరగా వేస్తే తగాదా కూడా తప్పదు.

చేనుతో పాటు బోరు కూడా కొంటున్నట్టయితే మోటారు వేసి చూపించగానే సంబరపడొద్దు. రాత్రంతా ఊరిన నీళ్లు మొదటి అరగంట బాగానే వస్తాయి. నాలుగు గంటలు ఆపకుండా ఆడించి, మొదట్లోనూ చివర్లోనూ 200 లీటర్ల డ్రమ్ము నిండే సమయం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. చివరికి వచ్చేసరికి అదే డ్రమ్ముకు ఆరు నిమిషాలు పట్టినా, నీళ్లు గాలితో కలిసి ఆగి ఆగి దూకినా, ఆ బోరు ఇంటి వాడకానికి సరిపోవచ్చు గానీ తోటకు చాలదు. ఈ పరీక్ష కార్తీకంలో చేస్తే ఉపయోగం లేదు, ఏప్రిల్, మే నెలల్లోనే చేయాలి.

ఊళ్లో ఇంటికి కుళాయి ఉంటుంది. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 1990ల మధ్యలో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం పల్లెలు కొన్ని వందలకు నీళ్లు తెచ్చింది, సీమలో జరిగిన మంచి పనుల్లో దాన్ని ముందు చెప్పుకోవాలి. అయినా ప్రతి ఊళ్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: మే నెలలో ఎన్ని రోజులకోసారి కుళాయి వస్తుంది, ఎంతసేపు? నలుగురున్న ఇంటికి రోజుకు 220 లీటర్లు అనుకుంటే, వారానికోసారి నీళ్లొచ్చే ఊళ్లో 2,000 లీటర్ల ట్యాంకు పెట్టుకుంటేనే నిశ్చింత. కుళాయి ఒత్తిడి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కదు. నేల మట్టంలో ఒక తొట్టి, దాని నుంచి అర హార్స్‌పవర్ మోటారుతో పైకి ఎక్కించుకోవాలి. బర్రె ఉంటే దానికి రోజుకు 60 నుంచి 80 లీటర్లు అదనం.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ గురించి నిర్లక్ష్యం వద్దు. అనంతపురం, కర్నూలు, కడప మూడింట్లోనూ ఆ బెడద ఉన్న ఊళ్లున్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెప్తాయి. అంతకు మించితే పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వడకట్టినా పోదు. నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. బోరు లోతు పెంచినా, మోటారు కిందికి దించినా మళ్లీ చేయించండి, లోతు మారితే నీటి గుణం మారవచ్చు. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది గానీ తాగడానికి ఇచ్చే దానికంటే ఎక్కువ నీటిని బయటికి వదిలేస్తుంది. ఆ నీటిని గిన్నెలకు, మరుగుదొడ్డికి వాడుకోవాలి.

తోట ఇంటివాళ్లకు దీనికి మించిన దారి వాన నీళ్లు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఇంకిపోయేది, ఆవిరయ్యేది తీసేసినా ఏడాదికి 44,000 లీటర్ల దాకా పట్టుకోవచ్చు. నలుగురికి తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లంటే ఏడాదికి 7,300. అంటే 10,000 లీటర్ల మూత ఉన్న తొట్టి ఒకటి చాలు. మొదటి రెండు వానల నీళ్లు బయటికి వదిలేయాలి, నెమళ్ల రెట్టలూ దుమ్మూ వాటితో పోతాయి. తొట్టిలో వెలుతురు పడితే పాచి పడుతుంది, పొగగొట్టంలాంటి గాలి గొట్టానికి వల లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

కాలువ పక్క ఊళ్ల సంగతి వేరే. శ్రీశైలం నీళ్లు ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువ, తుంగభద్ర ఎగువ కాలువ, కర్నూలు-కడప కాలువ పారే చోట్ల, ఆ నీటితో చెరువులు నింపే చోట్ల బోర్లు బతికి ఉన్నాయి. అక్కడ భూమి ధర ఎక్కువ. అది న్యాయమైన ధరే. కాలువకు దూరంగా చౌకగా కొని బోర్ల మీద బోర్లు వేసుకుంటూ పోయేవాళ్లు చివరికి అంతకంటే ఎక్కువే పెడతారు.

కరెంటులో ఉన్న తిరకాసు

తోటలో స్తంభం ఉంది, మోటారు ఆడుతోంది, కాబట్టి ఇంటికి కరెంటు ఉన్నట్టే అనుకోవడం చాలా మంది చేసే పొరపాటు. వ్యవసాయ ఫీడరులో (సబ్‌స్టేషను నుంచి చేల మోటార్లకు వచ్చే లైను) మూడు ఫేజులూ పగటి పూట 9 గంటలే. ఆ ఉచిత కరెంటును ఇంటికి వాడటం నిబంధనలకు విరుద్ధం. ఇంటికి వేరే సర్వీసు, మీటరు తీసుకోవాలి. ఆ సర్వీసు ఊరి ఫీడరు నుంచి వస్తుందా, వ్యవసాయ ఫీడరు నుంచేనా అన్నది దరఖాస్తుకు ముందే లైన్‌మన్‌ను అడిగి తేల్చుకోండి. వ్యవసాయ ఫీడరు నుంచే అయితే రాత్రి ఫ్యాను తిరుగుతుందా లేదా అన్నది మీ చేతిలో ఉండదు. ఊరి లైను నుంచి లాగాలంటే స్తంభాలు, తీగల ఖర్చు మీ మీద పడుతుంది. ఆ లెక్క తేలాకే ఇంటి జాగా తేల్చండి, ముందు కాదు.

ట్రాన్స్‌ఫార్మరుకు చివరనున్న ఇళ్లకు వోల్టేజి పడిపోతుంది. చుట్టూ మోటార్లన్నీ ఆడే వేళ 230 ఉండాల్సింది 170కి దిగితే ఫ్రిజ్ గుర్రుమంటుంది గానీ చల్లబడదు, మోటారు కాయిలు కాలిపోతుంది. ఒక మల్టీమీటరు తీసుకుపోయి మోటార్లు ఆడేటప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. ఆషాఢ మాసం గాలులకు తీగలు తెగడం ఏటా ఉండేదే. రామగిరి వైపు గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది. తోట ఇంటికి లైను బాగుచేయడానికి ఊరికి పట్టే సమయం కంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ఒక ఇంటి కోసం కంటే 200 ఇళ్ల కోసం ముందు కదులుతారు.

సోలార్ పెట్టుకుంటే సరి అనుకునేవాళ్లు ఒక తేడా తెలుసుకోవాలి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కానీ అది లైనుకు కలిపిన సోలార్. బ్యాటరీ లేకపోతే లైన్లో కరెంటు పోయినప్పుడు అది కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ తగలకుండా పెట్టిన రక్షణ అది. బిల్లు తగ్గించుకోవడానికి అది మేలు, కోతలకు విరుగుడు కాదు. కోతలకు 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ, ఇన్వర్టరు ఉంటే నాలుగు ఎల్ఈడీ దీపాలు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు రాత్రంతా నడుస్తాయి. మామూలు ఫ్యాన్లయితే అందులో సగం సేపే. బ్యాటరీలో ఆరు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. ఇక్కడి ఎండకు అది తొందరగా తగ్గుతుంది, ఎండాకాలంలో నెలకోసారి చూడటమే మంచిది.

నేల, గోడ, కప్పు

అనంతపురం, కదిరి, రాయచోటి వైపు ఎర్ర నేలలు ఎక్కువ. మూడు నాలుగు అడుగులకే గరుసో రాయో తగులుతుంది, పునాదికి భయం లేదు. తాడిపత్రి, జమ్మలమడుగు, నంద్యాల, ఆదోని వైపు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. గోడలు మూలల్లో, కిటికీల పైన ఏటవాలుగా చీలిపోయేది అందుకే. అక్కడ పునాది గట్టి పొర దాకా దించాలి లేదా కింద ఉబ్బు ఉన్న పైల్స్ (లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలి, పైన చుట్టూ బీము కట్టాలి, పునాది గోతిలో తీసిన నల్లమట్టినే మళ్లీ పోయకుండా గరుసు నింపాలి. స్నానాల నీళ్లు గోడ మొదట్లో ఇంకకుండా చూడాలి. ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉంటేనే గోడ ఎక్కువ చీలుతుంది.

ఊళ్లో పాత మట్టి మిద్దె అద్దెకో అమ్మకానికో దొరికితే తొందరపడి కూల్చకండి. రెండడుగుల రాతి గోడ, కింద కడప నల్లబండో బేతంచెర్ల బండో, పైన దూలాల మీద మట్టి, చౌడు మన్ను. మే మధ్యాహ్నం అందులో కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. సిమెంటు శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి తిరిగి వదులుతుంది, అందుకే శ్లాబు ఇంట్లో అర్ధరాత్రి దాకా నిద్ర పట్టదు. మట్టి మిద్దెకు ఉన్న లోపం దాని చాకిరీ. ఏటా తొలకరికి ముందు చౌడు పరిచి అణచాలి, మొలిచిన గడ్డి వేర్లతో పీకాలి, నీళ్లు పోయే దోనెలు శుభ్రం చేయాలి. ఒక్క ఏడు మానితే కారుతుంది, కారితే దూలం నానుతుంది, నానిన దూలానికి చెద పడుతుంది. కొనేముందు ప్రతి దూలాన్నీ గోడలో దిగిన చోట మేకుతో గుచ్చి చూడండి. మేకు సులువుగా దిగితే ఆ ఇంటికి ధర కట్టేటప్పుడు కప్పు మొత్తం కొత్తదనుకొని కట్టండి. చౌడు పరిచే పని తెలిసిన మనుషులు ఊళ్లో ఇంకా ఉన్నారా అన్నదీ అడగండి.

చేని దగ్గర రేకుల ఇల్లు వేసుకునేవాళ్లు కనీసం 11 అడుగుల ఎత్తు, పడమటి పక్క వరండా, రేకులకు కొక్కేల బిగింపు చూసుకోవాలి. నైరుతి గాలికి రేకులు లేచిపోతాయి. పడమర, దక్షిణం పక్క కానుగ, వేప నాటితే నాలుగైదేళ్లకు నీడ అందుతుంది. ఎత్తు కూడా వేడిని మారుస్తుంది: కడప సముద్ర మట్టానికి 138 మీటర్లు, కర్నూలు 270 పైన, హిందూపురం 620 దాకా. చల్లని రాత్రులు కావాలంటే మడకశిర, హిందూపురం వైపు చూడండి. కడప, నంద్యాల వేసవి తట్టుకోవడం పెద్దవాళ్లకు కష్టం.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి పల్లెకు బాగా సరిపోతుంది. ఒకటి నిండితే రెండోదానికి మళ్లిస్తారు, రెండేళ్లకు మొదటిది ఎరువుగా మారుతుంది. గుంత బోరుకు 50 అడుగులకు తగ్గకుండా దూరంగా, నేల వాలుకు కింది వైపు ఉండాలి. పగుళ్ల రాయి పైకే ఉన్న చోట 50 అడుగులు కూడా చాలవు, మురికి పగులు పట్టుకొని పోతుంది. ఇరుకు సందుల ఊళ్లో ఈ దూరం దొరకదు. అలాంటి ఇంట్లో బోరు నీళ్లు తాగడం మానుకొని కుళాయి నీళ్లే తాగాలి.

రాత్రి, పాములు, ఆస్పత్రి

సీమ చేలల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ ఉంటాయి. కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, అందుకే ఆలస్యం అవుతుంది. నేల మీద పడుకోకుండా మంచం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం, రాత్రి టార్చి, బూట్లు తోట ఇంటికి తప్పనిసరి. కట్టెల మోపు, వడ్ల బస్తాలు, గడ్డివామి ఇంటికి ఆనించి పెడితే ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. కాటు పడితే గట్టిగా కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి లేదా వెంటనే బండిలో ఎక్కించాలి. విషానికి విరుగుడు మందు మీకు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా అని ఇల్లు తీసుకోకముందే కనుక్కోండి. బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఉన్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) ఆస్పత్రులు, అనంతపురం, కర్నూలు, కడపల్లోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులు పెద్ద దిక్కు. వీటిలో ఒకదానికి వాన రాత్రి గంటన్నరలో చేరలేని చోట గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కాపురం పెట్టొద్దు. వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమైనవాళ్లకు మండల కేంద్రం కూడా చాలదు, పట్టణమే కావాలి.

కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. సీతాఫలాల కాలంలో, తెల్లవారుజామున గుట్ట మొదట్లో నడవడం మంచిది కాదు. అడవి పందులు చెనక్కాయ (వేరుశనగ) చేనును ఒక్క రాత్రిలో దున్నేస్తాయి. ఇల్లు చేని దగ్గరే ఉంటే కాపలాకు అదొక లాభం. పంట మీద బతికేవాళ్లు తోట ఇల్లు ఎంచుకోవడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

మనుషులు

ఊళ్లో ఇంటి గొప్ప సుఖం పిలిస్తే పలికే మనిషి ఉండటం. జ్వరం వస్తే గంజి వస్తుంది, పెళ్లికి పోతే బర్రెకు మేత పడుతుంది, బంధువులు నలుగురొస్తే పక్కింటి పెనం మీద కూడా జొన్న రొట్టెలు కాలుతాయి. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులూ ముస్లింలూ కలిసి నడిచే ప్రాంతం ఇది. ఆ కలుపుగోలుతనం పండక్కి మాత్రమే పరిమితం కాదు. అయితే తలుపు తీసి ఉంచడం ఇక్కడి మర్యాద. ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, కూతురికి సంబంధాలు చూస్తున్నారా అన్నీ అడుగుతారు. చావుకు పోవాలి, జాతరకు చందా ఇవ్వాలి, పంచాయతీ ఎన్నికలప్పుడు ఎటువైపని అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి. కులం ఏదని తిరగేసి అడుగుతారు, ఇల్లు అద్దెకిచ్చే ముందు కొన్ని చోట్ల నేరుగానే అడుగుతారు. ఇది నచ్చకపోవడం న్యాయమే. నచ్చనివాళ్లకు పలు ఊళ్లవాళ్లు కలిసుండే మండల కేంద్రం ఊపిరాడే చోటు.

తోట ఇంట్లో ఆ అడిగేవాళ్లు ఉండరు. తొలి వాన పడ్డ రాత్రి మట్టి వాసన, కప్పల మోత, మిద్దె మీద పడుకుంటే నక్షత్రాలు, తెల్లారి నెమళ్లు. ఈ సుఖాలు ఊళ్లో సగమే దొరుకుతాయి. వీటికి బదులు తోట ఇల్లు ఒంటరితనం పెడుతుంది, ఆ బరువు ఇంట్లో అందరి మీదా ఒకేలా పడదు. మగవాళ్లు బండి వేసుకొని రచ్చకట్ట దాకా పోయొస్తారు. ఆడవాళ్లకు పగలంతా మాట్లాడే మనిషి ఉండదు, పిల్లలకు ఆడుకునే జోడీ ఉండదు. కాబట్టి తోట ఇల్లు నిర్ణయం ఇంట్లో ఒక్కరు చేయాల్సింది కాదు. బండి నడపడం రాని మనిషి ఇంట్లో ఉంటే ముందు నేర్పించి ఆ తర్వాత ఇల్లు కట్టండి.

చదువు, ఇంటి నుంచి పని

ప్రాథమిక బడి చాలా ఊళ్లలో ఉంది, హైస్కూలుకు మండలానికో పెద్ద ఊరికో పోవాల్సిందే. పల్లెలో ఉండటం వల్ల పిల్లలకు ఒక లాభం ఉంది: లేపాక్షి, బనవాసి వంటి జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. దానికి 3, 4, 5 తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. పిల్లవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు ఊరికి మారుతున్నారంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇంటి నుంచి కంప్యూటరు పని చేసేవాళ్లు సిగ్నలును రోడ్డు మీద కాదు, పని చేసుకునే గదిలో, తలుపులు మూసి, రాత్రి 8 గంటలకు చూడాలి. ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళ అది. రాతి గోడల మిద్దెలో సిగ్నలు సగం పడిపోతుంది. ఊళ్లోనూ మండలంలోనూ ఫైబరు దొరుకుతుంది, తోట దాకా తీగ లాగడానికి కేబులువాళ్లు ఇష్టపడరు, లాగినా ట్రాక్టరు మీది గడ్డి తగిలి తెగుతుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు పెట్టుకోండి. కరెంటు చాలాసేపు పోతే టవరు బ్యాటరీ కూడా అయిపోతుంది.

కాగితాలు

చేని దగ్గర ఇల్లు కట్టేవాళ్లు అడంగల్ (సాగు లెక్క), 1బి (హక్కుదారు వివరం), ఈసీ (పాత లావాదేవీల పత్రం) చూస్తారు గానీ దారి చూడరు. ఎఫ్ఎంబీ పటంలో (పొలం కొలతల పటం) బండ్ల బాట గీసి ఉందా? లేకుండా పక్క రైతు "పోండన్నా, ఏముంది" అన్న మాట మీద నడుస్తున్నారంటే, ఆయన భూమి అమ్మిన రోజున మీ ఇంటికి దారి లేనట్టే. దారి హక్కును రిజిస్టరు దస్తావేజులో రాయించుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూముల అమ్మకం మీద 1977 నాటి చట్టం ఆంక్షలు ఉన్నాయి. సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషను నిషేధించిన భూములు) లేదని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తేల్చుకోకుండా బయానా ఇవ్వకండి. ఊళ్లో ఇల్లయితే అది గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం ఉన్న జాగా) ఉందా, అన్నదమ్ముల భాగాలు తేలాయా అన్నది ముఖ్యం. పాత మిద్దెల్లో ఒక గది ఒకరిది, వసారా ఇంకొకరిది అయి ఉంటుంది. సచివాలయంలో సర్వేయరు, వీఆర్వో ఇద్దరినీ కలవండి, ఒకరితో సరిపెట్టొద్దు.

ఎవరికి ఏది

పదవీ విరమణ చేసి ఆరోగ్యంగా ఉన్న దంపతులకు బస్సు రాత్రి ఆగే ఊళ్లో పాత మిద్దె, చిన్న పెరడు. నాలుగైదు బర్రెలో, దానిమ్మ, చీనీ (బత్తాయి) తోటో పెట్టుకొని దాని మీదే బతికేవాళ్లకు చేని దగ్గర ఇల్లు, అదీ కాలువ నీటి చాయల్లో. కంప్యూటరు పని, బడి పిల్లలు రెండూ ఉన్నవాళ్లకు మండల కేంద్రం. మూడూ కావాలనేవాళ్లు ఊళ్లో ఇల్లు తీసుకొని, చేని దగ్గర ఒక గది, వరండా, నీళ్ల తొట్టి కట్టుకుంటే కాపలా రాత్రులకూ వెన్నెల రాత్రులకూ అది చాలు. ఆ గదికి ఇన్వర్టరు, మంచం, దోమతెర ఉంటే సరిపోతుంది, వంటిల్లు అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా ముందు ఊళ్లో అద్దెకు దిగండి. మార్చిలో దిగితే ఎండాకాలం నీళ్లు, ఆషాఢం గాలి, ఆశ్వయుజం వానలు మూడూ కంటపడతాయి. ఆ తర్వాత కట్టడం మొదలుపెట్టాలంటే కార్తీకం మంచి అదను. వానలు తగ్గుముఖం పడతాయి, బోర్లలో నీళ్లుంటాయి, సిమెంటుకు క్యూరింగు చేయడానికి ట్యాంకరు కొనాల్సిన పని ఉండదు. అదే ఫిబ్రవరిలో మొదలుపెడితే శ్లాబు వేసే వేళకు ఎండలు ముదిరి, రోజుకు మూడుసార్లు తడపాల్సిన చోట ఒకసారే తడుపుతారు, పగుళ్లు మొదటి ఏడే కనిపిస్తాయి. చెనక్కాయ పీకుళ్లప్పుడు కూలీలు దొరకరు కాబట్టి మేస్త్రీతో తేదీలు ముందే మాట్లాడుకోండి.